ముసే, మదాం, ఒక ఇనుప గేటు

సారం, పుదుచ్చేరి
12 డిసెంబర్ 2006

తమ్ముడు ధనపాల్‌కు అక్క వేదవల్లి దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం, నా మోకాళ్లు తప్ప.

నువ్వు ఈ నెలాఖరుకు రిటైరై, ఫిబ్రవరి లోపల క్వార్టర్స్ ఖాళీ చేసి, మా ఇంటికే వచ్చేస్తానని రాసిన ఉత్తరం అందింది. లోపల చదువుకున్నాను, తర్వాత పైకి చదివాను. శరవణన్ వచ్చి, "ఏమంటున్నాడమ్మా మామ?" అన్నాడు. "వస్తాడంట" అన్నాను. రెండు పేజీల్లో అంతేనా రాసింది అని నా కొడుక్కి అనుమానం. కానీ వాడేం చేస్తాడు? మన నాయన వేలు పట్టి ఇసుకలో దిద్దించిన అక్షరాలు మనిద్దరితోనే ఆగిపోయాయి. శరవణన్‌కు ఈ రాతంతా జిలేబీలు చుట్టినట్టు కనబడుతుందంట. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం ముగ్గురం ఉన్నాం, చదివేది నేనొక్కదాన్నే.

అందుకే చెప్తున్నాను, ముఖ్యమైనది ఏదున్నా ఉత్తరంలో రాయి. ఫోను హాల్లో ఉంది. అందులో మాట్లాడితే కోడలు కవిప్రియ, పక్కింటి సుందరమూర్తి, కీరలమ్మే ఆవిడ, అందరూ విని తలా ఒక సలహా ఇస్తారు. ఫోన్లో "బాగున్నా" అను, చాలు.

మేడమీది గదికి రంగు వేయించాను. నీలం అని చెప్పాను. వాళ్లు వేసింది ఏ రంగో నువ్వొచ్చి చెప్పు. కురుచికుప్పం మునుసామి నువ్వు దిగిన రోజే వంజరం చేప తెచ్చి ఇస్తానన్నాడు. ముప్పై ఏళ్లకు పైగా ఆ నాగపూర్‌లో నారింజలు తిన్నావు, ఇక చాలు. మరదలు కనకం పోయి రెండేళ్లు దాటింది. ఒక్కడివే వండుకుని ఒక్కడివే తిని గిన్నెలు కడుక్కోవడం నేను తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు.

శరవణన్ విమానం టికెట్ కొంటానంటున్నాడు. సామాన్లు లారీలో పడెయ్. ఒక్కడివే కదా, చేతిసంచితో వచ్చెయ్.

గది కిటికీ తెరిచే పెట్టాను,
నీ అక్క
వేదవల్లి


నాగపూర్
21 డిసెంబర్ 2006

అక్కకు నమస్కారాలు. మోకాళ్లకు కూడా.

గది సంగతి చదివి చాలా సంతోషించాను. ఒక్క దిద్దుబాటు. నువ్వు ఒక్కడివే అని రాశావు. మేము ముగ్గురం.

ముసే, మదాం గురించి కనకం ఫోన్లో చెప్పే ఉంటుంది, కానీ నువ్వు హాల్లో ఉండి సరిగ్గా విని ఉండవు. ముసే పగ్ జాతి కుక్క. పొట్టి కాళ్లు, నల్ల మూతి, ముక్కు పేరుకు మాత్రమే ఉంది. చిన్నప్పుడు వాణ్ని చూసి కనకం, "మనూళ్లో టోపీ పెట్టుకుని ఫ్రెంచి సైన్యం పింఛనుకు పోయే ముసలి సొల్దా ఉంటాడు చూడు, అచ్చం ఆ మొగమే" అని, వాళ్లను పిలిచినట్టే ముసే అని పేరు పెట్టింది. ముసే వచ్చాడు కాబట్టి తర్వాత వచ్చినామెకు మదాం అని పేరు. మదాం వీధి కుక్క. కూరగాయల మార్కెట్ నుంచి కనకం వెంట నడిచి వచ్చింది, తిరిగి వెళ్లలేదు. ఎత్తు నా నడుముకు కొంచెం తక్కువ.

వాటిని ఎవరికైనా ఇచ్చి రమ్మంటావేమోనని ముందే రాస్తున్నాను. కనకం ఆఖరుసారి ఆసుపత్రికి పోయేటప్పుడు నాకు చెప్పింది బీరువా తాళాల గురించి కాదు. ముసేకు రోజూ పొద్దున పెరుగన్నం పెట్టమని. ఆ ఇద్దరూ రాని ఇంటికి నేను రాలేను అక్కా.

ఇక పరిశీలించవలసిన విషయం ఒకటే. విమానమా, కారా? రైల్లో కూపే మొత్తం మనకే దొరికితే కుక్కల్ని పక్కన కూర్చోబెట్టుకోవచ్చట. దొరకలేదు. నా పాత కారు నడుస్తూనే ఉంది. నాకు కారే మంచిదనిపిస్తోంది. పై విషయంలో నీ అభిప్రాయం తెలుపగలవు.

ఆడిట్ ఆఫీసు భాష ఇంకా పోలేదు, క్షమించు,
ధనపాల్


సారం
29 డిసెంబర్ 2006

తమ్ముడికి దీవెనలు. ఈసారి ముగ్గురూ పంచుకోండి.

నా కుక్క కథ నీకు గుర్తుందా? నువ్వప్పుడు నిక్కరు కూడా సరిగ్గా వేసుకోలేనివాడివి. కురుచికుప్పంలో పెద్దమ్మ ఇంటి ముందు ఎండుచేపలు దాటి పోతుంటే ఒకటి వచ్చి నా పిక్క పట్టుకుంది. బొడ్డు చుట్టూ సూదులు వేశారు. ఆసుపత్రిలో ఒక నర్సు చేతులు పట్టుకుంటే ఇంకొకామె కాళ్లు పట్టుకుంది. అప్పట్నుంచి ఈ రోజు దాకా దూరంగా కుక్క కనబడితే నేను వీధే మార్చేస్తాను. గుడికి పోయే దారి ఉందే, అందరికీ అది ఒక వీధి, నాకు అయిదు వీధులు. ఆలస్యం దేనికని దేవుడు కూడా అడగడం మానేశాడు.

అయినా నేను వద్దనలేదు. ఈ వాక్యం ఇంకోసారి చదువు. వద్దనలేదు.

విమానంలో అయితే కుక్కలు పెట్టెలో వస్తాయని శరవణన్ చెప్పాడు. పెట్టె అనే మాట నాకు నచ్చింది. అంతకంటే పెద్ద సంగతి నీ కళ్లు. కుడికంటికి పొర తీయించుకున్నావు. ఎడమది తర్వాత చూద్దామని తర్వాత చూడనేలేదు. ఒంటికంటితో అంత దూరం కారు నడిపి దారిలో నీకేమన్నా అయితే, ఆ రెండూ నా అడ్రసు ఎవరిని అడుగుతాయి? విమానంలోనే రా.

ఇక్కడ ఏర్పాట్లు మొదలుపెట్టాను. వెల్డింగ్ షాపు కరుప్పన్‌ను పిలిపించి ఇనుప గేటు చెయ్యమన్నాను. ఆళెత్తు, మనిషి నిలబడినంత. గడియ లోపలి వైపు. కమ్మీల మధ్య ఎంత సందు కావాలమ్మా అన్నాడు, చూపించాను. "ఇంత సందు పెడితే పిల్లి దూరుతుందమ్మా" అని నవ్వాడు. "కుక్క దూరుతుందా?" అన్నాను. "దూరదు." "అయితే అంతే పెట్టు" అన్నాను. మంచి మనిషి, కానీ చెప్పిన రోజుకు చెప్పిన పని చేసిన చరిత్ర లేదు.

కవిప్రియ మాత్రం కుక్కలొస్తున్నాయని తెగ సంబరపడుతోంది. దాన్ని ఇంకా ఏదీ కరవలేదు.

ఇట్లు,
వీధులు మారే అక్క


నాగపూర్
8 జనవరి 2007

అక్కకు, నేను బాగున్నాను. రిటైరైన రోజు ఆఫీసువాళ్లు ఒక గోడగడియారం ఇచ్చారు. ఇన్నేళ్లు టైముకు రమ్మని చెప్పి ఇప్పుడు టైము నాకే వదిలేశారు.

విమానం ఆఫీసుకు వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి మంచిది. ప్రయాణికుల పేర్లు అడిగింది. ధనపాల్, ముసే, మదాం అన్నాను. ఫ్రెంచి పాస్‌పోర్టులు కావాలంది. కుక్కలని చెప్పాక పెన్ను కింద పెట్టింది.

విషయం ఇది. కుక్కలు మనతో కూర్చోవు. కింద, సామాన్ల అరలో, బోనులో. ఇక్కణ్నుంచి మద్రాసుకు నేరుగా విమానం లేదు. బొంబాయిలో మారాలి. అక్కడ ఒక మధ్యాహ్నమంతా గోదాములో బోనులోనే ఉండాలి. మా పశువుల డాక్టరును అడిగాను. చదును ముక్కు కుక్కలకు మామూలుగానే గాలి చాలదని, భయపడితే ఇంకా చాలదని, ముసే వయసులో అది ప్రాణం మీదికి రావచ్చని అన్నాడు. "కారులో పోతే కుక్కకు మంచిది, మీకు కాదు. విమానంలో పోతే మీకు మంచిది, కుక్కకు కాదు" అన్నాడు. ఆడిట్‌లో ఇలాంటి నోటు రాసినవాణ్ని మేము వెంటనే వేరే సెక్షన్‌కు పంపేవాళ్లం.

నా ఎడమకంటికి ఏమీ కాలేదు. నిన్న ఎదురింటి మేడమీద ఆరేసిన చీర అంచు ఎరుపని ఇక్కణ్నుంచే చెప్పాను. తర్వాత అది దుప్పటి అని తెలిసింది, కానీ ఎరుపే.

గేటు సంగతి చదివాను. ఆ విషయంలో నేను ఏమీ అనడం లేదు. మదాంను ఇంతవరకు ఎవరూ ఒకచోట పెట్టి గడియ వేయలేదని మాత్రం తెలియజేస్తున్నాను. ముసే పిల్లులంటే భయపడతాడని కూడా.

కారుకు కొత్త టైర్లు వేయించమంటావా?
ధనపాల్


సారం
18 జనవరి 2007

తమ్ముడికి దీవెనలు. టైర్లు వేయించవద్దు.

ఊరంతా విచారించాను. మొదట సుందరమూర్తిని. ఆయన ఫ్రెంచి సైన్యంలో చేసి వచ్చినవాడు, పారీసు నుంచి పిల్లిని విమానంలో తెచ్చినవాడు, కాబట్టి ఈ వీధికి ఆయనే పెద్ద దిక్కు. "ఏంది వేదమ్మా, దీనికింత యోచనా? నా పిల్లి పారీసు నించి వచ్చె. దోవలో యాడా మ్యావ్ అనలే" అన్నాడు. వచ్చిన తర్వాత కూడా అది ఎప్పుడూ మ్యావ్ అనలేదని ఆయన భార్య లోపల్నించి చెప్పింది. ఆ సంగతి మేము వివరంగా అడగలేదు.

తర్వాత మునుసామిని అడిగాను. "మా చేపలు విమానంలో జపానుకే పోతాయమ్మా, తాజాగా దిగుతాయి" అన్నాడు. "అవి చచ్చి ఉంటాయి కదా మునుసామీ" అన్నాను. "అందుకే గలాటా చెయ్యవు" అన్నాడు.

నువ్వు ముసే ప్రాణం గురించి ఒక పేజీ రాశావు. నీ ప్రాణం గురించి రాయాల్సింది ఎవరు? నేనే కదా. కుక్క గురించి భయం నేను ఓర్చుకోగలను, అలవాటైన భయం. నీ గురించి భయం ఓర్చుకోలేను. ఈ జిలేబీలు చదవడానికి నాకు ఇంకొకడు లేడు. అందుకని శరవణన్‌తో టికెట్ కొనిపించాను. ఫిబ్రవరి ఒకటో తేదీ. కుక్కల టికెట్లు కూడా.

వాడు తేదీ చూశాడు గానీ వారం చూడలేదు. ఆ రోజు గురువారం. గురువారం దక్షిణం శూల, అటు ప్రయాణం పెట్టుకోకూడదు. నాగపూర్ నుంచి మనం నేరుగా దక్షిణమే. మార్చరా అంటే కుదరదన్నాడు. పరవాలేదు, పరిహారం ఉంది. మన దినసరి క్యాలెండర్ కాగితం అడుగున ఎప్పుడూ వేసే ఉంటుంది కదా: గురువారం, తైలం. ఇల్లు దాటే ముందు ఒక చెంచా నువ్వులనూనె నోట్లో వేసుకో. కుక్కలకూ తలా ఒక చెంచా వెయ్యి. నువ్వు నమ్మవని తెలుసు. అవి నమ్ముతాయో లేదో మనకు తెలియదు, కాబట్టి తప్పకుండా వెయ్యి.

గేటు ఇంకా రాలేదు. కరుప్పన్ ఇంట్లో పెళ్లంట.

మీనంబాక్కం విమానాశ్రయంలో ఎదురుచూస్తాను,
అక్క


నాగపూర్
2 ఫిబ్రవరి 2007

అక్కకు నమస్కారాలు.

నిన్న జరిగిన దానిపై నివేదిక.

ముందురోజు సాయంత్రం నుంచి కుక్కల కడుపు ఖాళీగా ఉండాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. బయల్దేరే ముందు నూనె పొయ్యమని క్యాలెండర్ చెప్పింది. రెంటికీ పొత్తు కుదరలేదు. నేను క్యాలెండర్ మాటే విన్నాను, ఎందుకంటే రాసింది నువ్వు.

నేను ఒక చెంచా తాగాను. మదాం ఒక చెంచా తాగింది, మర్యాదగా. ముసే తన చెంచా నాకి, ఇంకా కావాలన్నట్టు చూశాడు. నేను తాళం కోసం లోపలికి వెళ్లి వచ్చేలోపు సీసా కిందపడి ఉంది, నేల శుభ్రంగా ఉంది.

విమానాశ్రయంలో సరుకుల షెడ్డులో ముసేను బోనులో పెట్టి తలుపు వేశారు. అక్కా, వాడు అరవలేదు. నా వైపు చూస్తూ ఊరకే ఉన్నాడు. నేను తలుపు ఇవతల నిలబడ్డాను. కనకాన్ని లోపలికి తీసుకుపోయినప్పుడు కూడా నేను ఇలాగే బయట నిలబడ్డాను.

తర్వాత బోనును తూకం మీదికి ఎక్కించారు. ముసే తూకం మీదే నూనెకు సమాధానం ఇచ్చాడు, రెండు వైపుల నుంచీ. అధికారి తన బూట్లను చూసుకుని, ఈ కుక్క ప్రయాణానికి తగదని చెప్పాడు. మదాం పోవచ్చన్నాడు. మదాం కూర్చుంది, లేవలేదు. నేను శరవణన్‌కు ఫోన్ చేసి ఈ రోజు రాలేదు, వివరం ఉత్తరంలో అని చెప్పాను. తర్వాత బయట చెట్టు కింద కూర్చుని ఏడ్చాను. దుఃఖంతో కాదు, వాణ్ని తిరిగి ఇచ్చేశారన్న సంతోషంతో.

ఇప్పుడు ఒక సందేహం. రాయకూడదనుకుంటూనే రాస్తున్నాను. వద్దనలేదన్నావు. గేటు చేయించావు. తర్వాత నూనె పొయ్యమన్నావు. ఈ మూడు కాగితాలు పక్కపక్కన పెడితే ఏ ఆడిటరైనా ఒకటే రాస్తాడు. నేను రాయడం లేదు.

ఎల్లుండి, ఆదివారం, కారులో బయల్దేరుతున్నాం. కొత్త టైర్లు వేయించాను. ఆదివారం పడమర శూల. మనకు సంబంధం లేదు. చూసుకున్నాను.

ధనపాల్


సారం
2 ఫిబ్రవరి 2007

ధనపాలూ,

దీవెనలు ఈసారి చివర్లో.

నిన్న మధ్యాహ్నం నుంచి మీనంబాక్కంలో నిలబడ్డాను. శరవణన్ బూట్లు వేసుకుని, పిక్కలకు పాత దుప్పటి ముక్కలు చుట్టుకుని, పైన చీర సర్దుకుని. నడుస్తుంటే ఒక పోలీసాయన రెండుసార్లు చూశాడు. చేతిలో బిస్కెట్ల పొట్లం. కుక్కలకు మొదటిసారి దూరం నుంచి బిస్కెట్ విసిరితే మంచిదని కవిప్రియ చెప్పింది. విసరడం ఇంట్లో తలగడ మీద అభ్యాసం చేసి వచ్చాను.

వచ్చిన వాళ్లంతా వచ్చారు. నువ్వు రాలేదు. శరవణన్ సెల్లుకు ఫోన్ వచ్చింది. "మామ ఈ రోజు రాలేదంట, వివరం ఉత్తరంలోనంట" అన్నాడు. ఏ విమానం తప్పిందో, ఎవరికేమైందో ఒక్క మాట లేదు. ఫోన్లో బాగున్నా అంటే చాలని నేనే చెప్పాను, నిజమే. కానీ ఆ మాట కూడా అనలేదు నువ్వు.

తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా ఒకటే యోచన. నీకు రావడం ఇష్టం లేదు. కనకం తిరిగిన ఇల్లు వదిలి రావడానికి మనసు రావడం లేదు. విమానం అంటే కారు అన్నావు, కన్ను అంటే బాగుందన్నావు, టికెట్ కొంటే రాలేదు. అదే అయితే అది చెప్పు. నాకు అర్థం కాదా? మీ బావ పోయిన తర్వాత ఆయన కుర్చీని నేను ఇప్పటిదాకా జరపలేదు. కానీ నెపం కుక్కల మీద పెట్టకు. అవి నోరులేనివి.

బిస్కెట్లు కారులో శరవణన్ తినేశాడు. ఎవరివో ఇంటికొచ్చాక చెప్పాను.

దీవెనలు,
వేదవల్లి


ఒంగోలు
6 ఫిబ్రవరి 2007

అక్కకు,

మేము ముగ్గురం బాగున్నాం. నెమ్మదిగా వస్తున్నాం. నిన్న సైకిల్ మీద ఒక పెద్దాయన మా కారును దాటి, వెనక్కి తిరిగి నమస్కారం పెట్టి పోయాడు.

మొదటి రాత్రి ఏ లాడ్జిలోనూ కుక్కలకు చోటివ్వలేదు, కారులోనే పడుకున్నాం. రెండో చోట లాడ్జి మనిషి కారు దగ్గరికి వచ్చి, లోపల ముసే గురక విని, "పాపం పెద్దాయన అలిసిపోయినట్టున్నారు, ముందు ఆయన్ని లోపలికి తీసుకురండి" అన్నాడు. తీసుకుపోయాను. మాట ఇచ్చాడు కాబట్టి గది తాళం కూడా ఇచ్చాడు.

అక్కా, ఇక్కడ ఎటు చూసినా మన అక్షరాలే. పంచరు షాపు మీద మన అక్షరాలు. సోడా బండి మీద మన అక్షరాలు. "ఇచ్చట మూత్రము పోయరాదు" అని కూడా మన అక్షరాల్లోనే. మనిద్దరికే వచ్చనుకున్నాం కదా. బోర్డులన్నీ పైకి చదువుతూ నడుపుతున్నాను. ముసే నిద్రపోయాడు, మదాం విన్నది. మధ్యాహ్నం హోటల్లో భోజనం అడిగితే, "మీరు తమిళులా సార్? తెలుగు బాగా నేర్చుకున్నారే" అన్నాడు. మనవాళ్లు ఎన్ని తరాలుగా మాట్లాడుతున్నారో చెప్పబోయి, సాంబారు చల్లారుతుందని మానేశాను.

ఇంతమందికి ఈ అక్షరాలు వచ్చు. కానీ అందులో నాకు ఉత్తరం రాసేవాళ్లు ఒక్కరూ లేరు. మొన్న సందేహం రాసినందుకు బాధగా ఉంది. సందేహం మాత్రం పోలేదు.

నీ తమ్ముడు


కిరుమాంబాక్కం
8 ఫిబ్రవరి 2007

అక్కకు నమస్కారాలు.

పైన ఊరి పేరు చూసి నువ్వు ఆశ్చర్యపోవచ్చు. కిరుమాంబాక్కం మీ ఇంటికి దక్షిణాన కడలూరు రోడ్డులో ఉంది. నాగపూర్ ఉత్తరాన ఉంది. నాగపూర్ నుంచి వచ్చేవాడు సారం దాటకుండా ఇక్కడికి రాలేడు. దాటాను.

ఈ పొద్దున మీ వీధిలోకి వచ్చాను. ఇంటి ముందు కారు నెమ్మది చేశాను. గోడకు ఆనించి గేటు కనబడింది. ఆళెత్తు, నువ్వు రాసినట్టే. కొత్తగా నల్లరంగు వేసి ఆరబెట్టారు. వెనక సీట్లో మదాం కిటికీలోంచి తల బయటపెట్టి దాన్నే చూస్తోంది. నా కాలు బ్రేకు మీద పడలేదు. కారు అలాగే పోయింది, నేనూ దాంతో పోయాను. ఆగింది ఇక్కడ, నాతో చదువుకున్న చిన్నస్వామి ఎరువుల అంగడి ముందు. "ఏంది ధనపాలూ, యాడికి పోతుండావు? ఊరు వెనకనే విడిచిపెట్టేస్తివే" అన్నాడు.

ఇన్ని రోజులు విమానమా కారా అని రాసుకున్నాం. నేను అడగాల్సింది అది కాదు, అడగడానికి భయపడ్డాను. ఇప్పుడు అడుగుతున్నాను. వీళ్లను నీ ఇంట్లోకి రానిస్తావా, లేక గేటు వెనక పెడతావా? ఈ రెండు కుక్కలూ నాకు కుక్కలు కావు. పొద్దున నేను లేచేది వీళ్ల కోసం. కనకంతో నేను బతికిన ఇల్లు ఇప్పుడు ఈ రెండు ప్రాణాల్లోనే ఉంది. వీళ్లను కమ్మీల వెనక పెట్టి నేను మేడమీద ఫ్యాన్ కింద పడుకోలేను. నువ్వు భయపడితే అది తప్పు కాదు. బొడ్డు చుట్టూ సూదులు నాకు గుర్తున్నాయి, నువ్వు అరిచిన అరుపు వీధంతా వినిపించింది. చిన్నస్వామి ఇక్కడే ఒక ఇల్లు చూస్తానంటున్నాడు. వారానికోసారి బస్సులో వచ్చి నిన్ను చూసిపోతాను.

ఉన్నది ఉన్నట్టు రాయి. చిన్నస్వామి చేతికి ఇచ్చి పంపు. వాడికి ఈ అక్షరాలు రావు.

ధనపాల్


సారం
8 ఫిబ్రవరి 2007, సాయంత్రం

ఒరేయ్ ధనపాలూ,

చిన్నస్వామి హాల్లో కాఫీ తాగుతున్నాడు. నేను రాసేదాకా కదలకూడదని రెండో లోటా పోయించాను. అందుకని పొడుగ్గా రాయను.

నీ నూనె ఉత్తరం నిన్న అందింది. మూడు కాగితాలు పక్కపక్కన పెట్టావు కదా, మంచి ఆడిటర్వి. నాకు కుక్కంటే భయం, శూల అంటే అంతకంటే భయం. అందుకే నూనె పొయ్యమన్నాను, అవి కూడా చల్లగా రావాలని. వాడికి అంత కడుపునొప్పి తెప్పించానని తెలిసి నిన్నంతా నాకు మనసు బాగాలేదు. ఇదిగో ఇక్కడ రాస్తున్నాను, ముసేకు చెప్పు: పొరపాటే, పగ కాదు. ఒంగోలు నుంచి రాసింది చిన్నస్వామి కంటే కొంచెం ముందు వచ్చింది. సందేహం పోలేదన్నావు. ఇప్పుడు పోగొడతాను. రెండో తేదీన నేను నాగపూర్‌కు కోపంగా రాసింది నీ వెనకాలే తిరిగి వస్తే చదవకుండా చించెయ్.

నువ్వు రాలేదని నాకు కోపం, నేను రానివ్వనని నీకు భయం. ఈ పొద్దున మన వీధిలో ఏదో పాత కారు దగ్గుతూ పోయింది. కిటికీ దగ్గరికి వచ్చి చూద్దామనుకున్నాను, మోకాళ్లు లేవలేదు. లేచి ఉంటే నీకు పెట్రోలు మిగిలేది.

ఇప్పుడు గేటు సంగతి.

నీ ఉత్తరం చదివి గడియ లోపలి వైపు అని నేనే రాశానా లేదా అని గుర్తు చేసుకున్నాను. రాశాను. లోపలి గడియ ఎవరు వేస్తారురా? కుక్క వేస్తుందా? ఆ గేటు వాటికి కాదు, నాకు. వంటింటి పక్కన నా గది వాకిలికి బిగించడానికి. మీరు వచ్చాక హాలు, వరండా, మేడ, మెట్లు, ఇల్లంతా వాటిది. ఎక్కడ కావాలంటే అక్కడ తిరగనీ, మీ బావ కుర్చీ ఎక్కినా నేను ఏమీ అనను. నేనొక్కదాన్నే గేటు వెనక ఉంటాను, నాకు అలవాటయ్యేదాకా. శరవణన్ ఇది విని, "ఏందిమ్మా, జూలో నువ్వుంటే కుక్కలొచ్చి చూసిపోతాయా?" అన్నాడు. చూడనీ అన్నాను.

కరుప్పన్ ఇప్పుడే బిగిస్తున్నాడు. ఆ సందు చూసి మళ్లీ నవ్వాడు. అంత సందు ఎందుకు పెట్టమన్నానో వాడికి చెప్పలేదు, నీకూ చెప్పలేదు, చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఆ సందు నా చెయ్యి పట్టేంత.

రేపు శుక్రవారం, పడమర శూల, నీకు అడ్డం లేదు. పొద్దునే రా. వీధి మొదట్లో హారన్ కొట్టు. నేను లోపలికి పోయి గడియ వేసుకుంటాను. అప్పుడు రెండింటినీ వదులు. ముందు ముసేను రానీ, వాడు పొట్టివాడు. గిన్నె పట్టుకుని కూర్చుని ఉంటాను.

ఒక్క సంగతి నువ్వు ఎక్కడా రాయలేదు. కనకం పెరుగన్నంలో ఉప్పు వేసేదా, వెయ్యకుండా పెట్టేదా? ఈ రాత్రికే చిన్నస్వామితో ఫోన్ చేయించు. హాల్లో ఎవరు విన్నా పరవాలేదు.

అక్క